బకెట్టు వేడినీళ్లకు యాభై రూపాయలు

కొండ ఎక్కి దిగిన మనిషికి సాయంత్రం కావలసింది వేడినీళ్ల స్నానం. మిగతావన్నీ ఆ తర్వాతే. అరవై ఎనిమిదేళ్ల మా అత్తయ్యగారు రిసార్టు బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి, ఇప్పుడొస్తాయి అప్పుడొస్తాయి అని పావుగంట నిలబడ్డారు. చన్నీళ్లే వచ్చాయి. ఆ పావుగంట నేనింకా మర్చిపోలేదు. ఈ రాయడమంతా అందుకే.

మాది గుంటూరు, బ్రాడీపేట. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మరిది కార్తీకమాసంలో రెండో శనివారం కలిసొచ్చేలా సెలవు పెట్టుకుని, తన ఏడు సీట్ల కారులో దిగాడు. పిల్లలు ఊటీ అన్నారు, అతను అరకు అన్నాడు. ఉన్నదే మూడు రోజులు, అందులో సగం కారులోనే పోతే ఇక చూసేదేముంది? చుట్టూ ఇన్ని కొండలు పెట్టుకుని పరుగులు దేనికని నేను పట్టుబట్టాను. శుక్రవారం కొండవీడు, శనివారం మంగళగిరి, ఆదివారం కొండపల్లి. ఆరుగురం, రెండు గదులు, రెండు రాత్రులు. మావారు అవుననలేదు, కాదనలేదు. అంటే ఏదైనా తేడా వస్తే మాట పడాల్సింది నేనే.

కొండవీడుకి ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది, కారు పైదాకా పోతుంది. అత్తయ్యగారినీ మరిదినీ కారులో పంపి, పిల్లలతో మేమిద్దరం పాత మెట్ల దారి పట్టాం. ఆరున్నరకి మొదలుపెట్టాం. ఎండ ఎక్కకముందే పైకి చేరాలి, ఎనిమిది దాటితే ఆ రాళ్లు కాలతాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకెళ్లండి, చెప్పులతో మాత్రం వెళ్లొద్దు. అక్టోబరు చివర్లో తుఫాను వానలు పడ్డాయేమో, మెట్ల సందుల్లో నాచు పట్టి ఉంది. మా అమ్మాయి రెండుసార్లు జారింది. దారికి రెండు పక్కలా సీతాఫలం చెట్లే.

పైన మూడు చెరువులున్నాయి. ఒకటి నిండితే నీరు రెండోదాంట్లోకి పోయేలా కట్టారు. అంత ఎత్తున నిండు చెరువు చూసి మావారికి నోరు పెగిలింది. రెడ్డి రాజులు అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చిన సంగతి, పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న సంగతి, 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కోట గెలుచుకున్న సంగతి వరసగా చెప్పుకుంటూ పోయారు. తొమ్మిదో తరగతి చదివే మా వాడు, "శ్రీనాథుడు కూడా ఇలాగే నడిచి ఎక్కేవాడా నాన్నా?" అన్నాడు. పల్లకీలో వచ్చేవాడేమో అన్నారాయన. అరకు పోలేదన్న అలక మా మరిదికి అక్కడే తీరిపోయింది. అత్తయ్యగారు గుళ్లన్నీ చూస్తానంటూ పైన రెండు గంటలు తిరిగారు. ఆ తిరుగుడుకే మోకాళ్లు పట్టేశాయి.

ఇక బస. హైవే పక్కన రిసార్టు. ఫోన్లో బుక్ చేసినప్పుడు "కొండ కనిపించే గది, 24 గంటలూ వేడినీళ్లు" అని ఉంది. గది 3,200. కిటికీ తెరిస్తే పక్క గదుల ఏసీ పెట్టెలు కనిపించాయి, కొండ కనిపించాలంటే కారు పెట్టేచోటికి వెళ్లాలి. పోనీ, దానికి సర్దుకున్నాం. వేడినీళ్లు రావడం లేదని కౌంటరుకి వెళ్తే, అక్కడున్నతను ఫోన్లోంచి తల ఎత్తకుండానే చెప్పాడు: "పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే మేడమ్. ఇప్పుడు కావాలంటే బకెట్టుకి యాభై."

నాలుగు బకెట్లు చెప్పాను. నలభై నిమిషాలకు వచ్చాయి. ఒక్కటీ నిండా లేదు. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చన, బయటి గాలికి తెచ్చేలోపే చల్లారిపోయాయి. అత్తయ్యగారు ఏమీ అనలేదు. ఆ నీళ్లు రెండు చెంబులు కాళ్ల మీద పోసుకుని, చీర మార్చుకుని మంచం మీద పడుకున్నారు. ఏమన్నా అని ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

కార్తీకమాసంలో ఆవిడ ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. భోజనం చెప్పేటప్పుడు మూడుసార్లు చెప్పాను. పళ్లెంలో మొదట వచ్చింది ఉల్లిపాయల సాంబారు, తర్వాత వెల్లుల్లి తాలింపు వేసిన పప్పు. చివరికి పెరుగన్నం, మేం ఇంటినుంచి తెచ్చుకున్న అరటిపండు తిన్నారు. అదనపు పరుపుకి 800 తీసుకున్నారు. ఆ పరుపు మీద పడుకున్న మరిది పొద్దున్నే నడుం పట్టుకుని లేచాడు.

పొద్దున బిల్లు చూస్తే గదులకు 6,400, పరుపుకి 800, మొత్తం 7,200. దాని మీద 12 శాతం జీఎస్టీ, 864. మా మరిది వెంటనే పట్టుకున్నాడు. రోజుకి 7,500 లోపు గదులకి 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 5 శాతమే. అంటే 360. మా దగ్గర 504 రూపాయలు ఎక్కువ గుంజుతున్నారు. కంప్యూటర్లో అలాగే వస్తుందన్నాడు కౌంటరు మనిషి. మేనేజరు లేరన్నాడు. మరిది వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయబోతుంటే, లేని మేనేజరు లోపలి గదిలోంచి వచ్చి 504 తగ్గించి వేరే బిల్లు ఇచ్చాడు. బకెట్ల 200 మాత్రం వదల్లేదు. మీరెక్కడ దిగినా సరే, డబ్బు కట్టేముందు ఆ పన్ను గీత ఒక్కటి చదవండి. మేం చదవకపోతే పోయేవే.

మంగళగిరిలో అత్తయ్యగారు, "నిన్న కారులో ఎక్కాను, ఇవాళ మెట్లే" అన్నారు. పైన పానకాల స్వామి గుడికీ ఘాట్ రోడ్డు ఉంది కదా అని మావారు ఎంత చెప్పినా వినలేదు. పదేసి మెట్లకు ఒకసారి ఆగుతూ ఎక్కారు. ఊళ్లోని గుడి గాలిగోపురం పదకొండు అంతస్తులు, 153 అడుగులు, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించింది. కింద నిలబడి చూస్తే మెడ నొప్పి పుట్టే గోపురం, మేం ఎక్కేకొద్దీ పొట్టిదైపోయింది. పైన పూజారి శంఖంతో స్వామి నోట్లో పానకం పోస్తుంటే గుటకలేసిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఆగాక మిగిలిన సగం మన చేతికిచ్చారు. అంత బెల్లం నీరు ఒలికే చోట చీమ ఉండదంటారు. మా అమ్మాయి నేల మీద మోకాళ్లేసి గోడ వారనంతా వెతికింది. ఒక్కటీ కనపడలేదు. కొండ మీద గుడి మధ్యాహ్నం దాటాక మూసేస్తారు, రాత్రి దేవతలు పూజ చేసుకుంటారని. పొద్దున్నే వెళ్లండి. కోతులున్నాయి, కొబ్బరికాయ సంచి గట్టిగా పట్టుకోండి.

దారిలో ఉండవల్లి గుహలు చూశాం. నాలుగంతస్తుల రాతి గుడి, లోపల పడుకున్న అనంతపద్మనాభుడు. చాలా బాగుంది.

బెజవాడలో గాంధీనగర్‌లో మామూలు హోటలు. గది 2,400, పొద్దుటి టిఫిను అందులోనే. రెండు గదులకి 5 శాతం పన్నుతో 5,040, అదనపు పరుపు ఊరికే ఇచ్చారు. కుళాయి తిప్పిన నిమిషానికి పొగలు కక్కే నీళ్లు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అత్తయ్యగారు కుంటుతూ లిఫ్టు ఎక్కడం చూశాడేమో, రాత్రి డ్యూటీ కుర్రాడు, దివిసీమ పిల్లాడట, తొమ్మిదింటికి తలుపు తట్టాడు. చేతిలో ప్లాస్టిక్ టబ్బు, అందులో వేడినీళ్లు, అడుగున ఇంకా కరగని కల్లుప్పు. "మామ్మగారూ, కాళ్లు ఇందులో పెట్టండి. చల్లారితే పిలవండి, మళ్లీ తెస్తాను." మేం అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆవిడ కాళ్లు ముంచి కళ్లు మూసుకుని, "అబ్బా" అన్నారు, అంతే. వంద రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు. "వద్దు మామ్మగారూ, మా మామ్మకీ మోకాళ్లే" అన్నాడు. అరగంటకి రెండోసారి కూడా తెచ్చాడు.

టిఫిను ఇడ్లీ, అల్లం చట్నీ, నెయ్యి వేసిన కారప్పొడి. అత్తయ్యగారి కోసం ఉల్లి లేని పెసరట్టు ఒకసారి చెప్తే సరిగ్గా అలాగే వచ్చింది. మా వాడు ఆరు ఇడ్లీలు తిన్నాడు.

కొండపల్లి కోటలో ఎండ ఎక్కువ, నీడ తక్కువ. శిథిలమైన రాజమహల్ చూసి పదింటికల్లా దిగొచ్చేశాం. కింద బొమ్మలు చేసే వీధిలో మాత్రం గంటన్నర కూర్చున్నాం. తెల్లపొణికి కర్ర చేతిలో పెట్టి చూపించారు, ఎండు బెండులా తేలిక. రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపిన మక్కుతో ముక్కలు అతికి, ఆరాక రంగులేస్తారు. పిల్లలు 650 పెట్టి అంబారీ ఏనుగు కొనిపించారు. అత్తయ్యగారు వేరుగా 300 పెట్టి గంగిరెద్దు బొమ్మ కొని, ఎవరికో చెప్పకుండా సంచిలో పెట్టుకున్నారు.

కారు బెజవాడ దగ్గరికి వచ్చాక చెప్పారు, గాంధీనగర్ వైపు తిప్పమని. ఆదివారం మధ్యాహ్నం, బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల జనం. "రాత్రి డ్యూటీ పిల్లాడు ఇప్పుడుండడు కదమ్మా" అన్నాడు మరిది. "ఉండకపోతే ఇచ్చి వస్తాం" అన్నారు ఆవిడ. ముప్పావుగంట పట్టింది. కౌంటరులో అమ్మాయి బొమ్మ తీసుకుని, పేపరులో చుట్టి, పైన పెన్నుతో అతని పేరు రాసి సొరుగులో పెట్టింది.