స్వాతంత్ర్యానికి ముందు మనవాళ్లు ప్రపంచ రాజకీయాల గురించి రాసినవి: ఇంటర్నెట్ ఆర్కైవ్ ఎంతవరకు పనికొస్తుంది?

మన విదేశాంగ ఆలోచన అనగానే చాలామంది నెహ్రూ దగ్గర మొదలుపెడతారు. అంతకు ముందే బెంగాలీ పండితుడు బినయ్ కుమార్ సర్కార్, అమెరికాలో ఉద్యమించిన తారక్‌నాథ్ దాస్, లజపతి రాయ్ లాంటివాళ్లు ఈ విషయం మీద బోలెడు రాశారు. అందులో చాలా భాగం పత్రికల్లోనే ఉండిపోయింది. ఆ రాతల్ని పైసా ఖర్చు లేకుండా చదివించేది ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) అనే డిజిటల్ గ్రంథాలయం. సరుకు మేలిమిదే, సర్దుబాటే అధ్వాన్నం.

ముందు చదవాల్సింది సర్కార్ 1919 ఆగస్టులో 'అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూ'లో రాసిన 15 పేజీల వ్యాసం (13వ సంపుటం, 400–414 పేజీలు). హిందువులకు పరలోక చింతే తప్ప రాజ్యతంత్రం తెలియదన్న వాదానికి అది జవాబు. విజిగీషువు, అంటే గెలవాలని చూసే రాజు, మధ్యలో, సరిహద్దు రాజు శత్రువు, ఆ అవతలివాడు మిత్రుడు: పన్నెండుమంది రాజుల ఈ మండల లెక్కను యూరప్ బలాబలాల సమతూకం పక్కన నిలబెడతాడు. తర్వాత సార్వభౌముడి ఆదర్శానికి వస్తాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రం సంస్కృతంలో అచ్చయింది 1909లో, శామశాస్త్రి ఇంగ్లీషు అనువాదం వచ్చింది 1915లో. అంటే చేతికందిన కొత్త ఆయుధాన్ని వెంటనే వాడాడన్నమాట. ఇది సిద్ధాంత చర్చ. రాజులంతా అలాగే నడుచుకున్నారని అనుకుని చదవకూడదు.

ఈ వ్యాసానికి లాగిన్ అక్కర్లేదు. 1923కు ముందు అమెరికాలో అచ్చయిన పత్రికా వ్యాసాలను జెస్టోర్ అనే ఆన్‌లైన్ పత్రికల భాండాగారం 2011లో ఉచితం చేసింది. అవి ఆర్కైవ్‌లోనూ ఉన్నాయి.

అసలు తలనొప్పి 'మోడరన్ రివ్యూ'తో. రామానంద చటర్జీ 1907లో మొదలుపెట్టిన ఈ మాసపత్రిక స్కాన్లకు చాలాచోట్ల పేరు, సంవత్సరం సరిగ్గా ఉండవు. అందుకే సంపుటం నంబరుతో వెతకాలి. ఏడాదికి రెండు సంపుటాలు. కావలసిన ఏడాదిలోంచి 1907 తీసేసి, రెండుతో హెచ్చించి, జనవరి–జూన్‌కు ఒకటి, జూలై–డిసెంబరుకు రెండు కలపండి. 1937 నవంబరు సంచిక 62వ సంపుటంలో పడుతుంది. నెహ్రూ తన మీద తానే 'చాణక్య' పేరుతో రాసుకున్న వ్యాసం అందులోనే ఉంది. రచయిత పేరు నెహ్రూ అని కొడితే అది దొరకకపోవడంలో వింతేమీ లేదు!

పేర్ల స్పెల్లింగుతోనూ జాగ్రత్త. బినయ్, బెనోయ్, వినయ కుమార్ సర్కార్ మూడూ ఒకరే. మూడింటితోనూ వెతకాలి.

సెర్చ్ పెట్టె కింద పుస్తకం లోపలి పాఠంలో వెతికే వీలు ఉంటుంది, దాన్ని ఎంచుకోండి. కానీ మోడరన్ రివ్యూ పేజీ రెండు కాలమ్‌లది. స్కాన్‌లోని అక్షరాలను గుర్తించే యంత్రం కొన్నిచోట్ల ఎడమ కాలమ్ వాక్యాన్ని కుడి కాలమ్‌లోకి కలిపేస్తుంది, అందువల్ల పొడవాటి పదబంధం దొరకదు. రెండు మాటలకు మించి కొట్టొద్దు. ఇంగ్లీషు అక్షరాలకు గీతలు, చుక్కలు పెట్టి రాసిన సంస్కృత పదాలైతే గుర్తుపట్టలేనంతగా చెడిపోతాయి. 'విజిగీషు' అని కాకుండా దాని పక్కన ఉండే మామూలు ఇంగ్లీషు మాటతో వెతికితే పని అవుతుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన స్కాన్లలో అంచులు తెగిన పేజీలు, లేని పేజీలు కనిపిస్తాయి. ఒకే పుస్తకానికి రెండు మూడు ప్రతులు ఉంటే అన్నీ తెరిచి చూడాలి.

తెలుగు విషయానికొస్తే ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల పాత సంచికల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ (ఇప్పుడు మీడియా అకాడమీ) ఆర్కైవ్‌కు వెళ్లడమే మేలు. అక్కడ తేదీ పట్టుకుని పేజీలు తిప్పుకోవాలి. కాబట్టి ముందు సంఘటన తేదీ రాసుకుని, తర్వాతి వారం సంచికలు చూడండి.

మొత్తంమీద ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు నా మార్కులు: ఇంగ్లీషు పత్రికలకు ఐదుకు నాలుగు, తెలుగుకు రెండు. ఉటంకించేటప్పుడు స్క్రీన్ మీద కనిపించే స్కాన్ నంబరు కాదు, కాగితం మీద అచ్చయిన పేజీ నంబరే వేయండి. ముఖచిత్రం, ప్రకటనలు కలవడంతో రెండింటికీ తేడా వస్తుంది.