పన్నెండో నంబరు: స్మార్ట్‌మాన్‌టూల్స్‌తో ఆరేళ్ళు

41, 41, 41, 63. మూడు నెలలు నన్ను నిద్రపోనివ్వని సమస్య ఈ నాలుగు అంకెలు పక్కపక్కన రాసుకోగానే విడిపోయింది. ఆరేళ్ళుగా వాడుతున్న స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే, డిస్కుల ఆరోగ్యం చెప్పే ఈ సాఫ్ట్‌వేర్ మీద నాకింత అభిమానం ఎందుకో చెప్పాలంటే ఆ కథంతా చెప్పాలి. ఇన్‌స్టాల్ చేయడం, కమాండ్ల వివరాలు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

రాజమండ్రిలో మా బావమరిదికి ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళి వీడియోలన్నీ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే ఒక సర్వర్లో ఉంటాయి. నాలుగు డిస్కులు, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్, రెండేసి డిస్కులు కలిపి మిర్రర్, అంటే ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉంటుంది. నాలుగూ ఒకే రోజు కొన్నవి, ఒకే పెట్టెలో ఉన్నవి. దాన్ని పెట్టింది నేనే. ఇప్పుడు హైదరాబాదు నుంచి చూసుకునేదీ నేనే.

జ్యేష్ఠమాసం ముహూర్తాల్లో మొదలైంది. సాయంత్రం ఎడిటర్లందరూ కూర్చునే వేళకి సర్వర్ బిగుసుకుపోయేది. "బావగారూ, మళ్ళీ ఆగిందండీ. ఈసారి రెండు నిమిషాలు పైనే" అని ఫోన్ వచ్చేది. లాగ్ తెరిస్తే ఎప్పుడూ అదే వరస: ఫలానా ఏహెచ్‌సీఐ ఛానెల్లో (డిస్కుకి వెళ్ళే దారిలో) టైమౌట్, అంటే గడువులోగా జవాబు లేదు, రీసెట్ చేసి 31000 మిల్లీసెకన్లు చూసినా డిస్కు సిద్ధంగా లేదు, మళ్ళీ ప్రయత్నిస్తున్నాను, ఇంకా మూడు అవకాశాలు ఉన్నాయి. సాటా డిస్కుకి ఇచ్చిన ఒక్కో ఆదేశానికి ఫ్రీబీఎస్‌డీ మామూలుగా 30 సెకన్ల గడువిస్తుంది, తప్పితే మరో 4 సార్లు ప్రయత్నిస్తుంది. అన్నీ తప్పితే రెండున్నర నిమిషాలు. జెడ్‌ఎఫ్‌ఎస్ ఉంటే డిస్కు పోయినా పని ఆగదని మా బావమరిదికి నేనే చెప్పాను. చచ్చిపోయిన డిస్కు విషయంలో ఆ మాట నిజమే. చావకుండా నసిగే డిస్కు ఉంటే మాత్రం మొత్తం పూల్, అంటే ఆ నాలుగు డిస్కుల గుంపు, దానికోసం కాచుకుని కూర్చుంటుంది.

లాగ్‌లో కనిపించే ఛానెల్ పేరు కంట్రోలర్‌ది, అంటే డిస్కుల్ని నడిపే చిప్పుది. అందుకని నేరం మదర్‌బోర్డు మీది కంట్రోలర్ మీద మోపి, కొత్త కార్డు కొనిపించి, నాలుగు డిస్కుల్నీ దానికి మార్పించాను. ఆ తర్వాత నెల రోజుల పైన ఒక్క టైమౌట్ లేదు. కార్డు భేషుగ్గా ఉందని తెలిసినవాళ్ళకి కూడా చెప్పాను.

ఆ నెల ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు, ఎడిటింగ్ లేదు, డిస్కుల మీద బరువు లేదు. శ్రావణం వచ్చిన మొదటి వారంలోనే ఫోన్ వచ్చింది.

ఈసారి లాగ్‌లో ఛానెల్ నంబరు మారింది, డిస్కు సీరియల్ నంబరు మాత్రం అదే. అంటే కంట్రోలర్ ఏదైనా గొడవ ఆ డిస్కు వెంటే వస్తోంది. డిస్కే పాడైందనుకుని స్మార్ట్‌మాన్‌టూల్స్‌లోని స్మార్ట్‌సీటీఎల్ కమాండుతో దాని పట్టిక తీశాను. డిస్కు తన గురించి తాను రాసుకునే లెక్కలు అందులో వరసకో నంబరుతో ఉంటాయి. పాడై పక్కకు మార్చిన సెక్టర్లు (డేటా రాసే చిన్న గడులు) ఎన్నో చెప్పే 5వ నంబరు సున్నా. చదవలేక పెండింగులో పెట్టినవి చెప్పే 197 సున్నా. డిస్కంతా చదివి చూసే లాంగ్ టెస్టు ఏ తప్పూ లేకుండా పూర్తయింది. డేటా కేబుల్ చెడితే 199వ నంబరు, అంటే సీఆర్‌సీ తప్పుల (దారిలో చెడిన డేటా) లెక్క, పెరగాలి. అదీ సున్నాయే. కంట్రోలర్ కాదు, డిస్కు లోపలి పళ్ళేలు కాదు, కేబుల్ కాదు. మరి ఏమిటి?

ఆ రాత్రి నాలుగు డిస్కుల పట్టికల్నీ పక్కపక్కన పెట్టి వరసలన్నీ పోల్చాను. అప్పటిదాకా ఒక్కసారి కూడా చూపు ఆగని వరస 12వ నంబరు. డిస్కుకి కరెంటు పోయి మళ్ళీ ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే లెక్క అది. మూడు డిస్కులకి 41, ఆ ఒక్కదానికి 63. నాలుగూ ఒకే స్విచ్చుతో ఆరి వెలిగేవి కదా! సర్వర్ మొత్తం ఆగకుండా ఆ డిస్కు ఒక్కటే 22 సార్లు ఆరిపోయి లేచింది.

ఇంకో సాక్ష్యం కూడా దొరికింది. చదవలేని సెక్టరు దగ్గర డిస్కు నిమిషాల తరబడి తంటాలు పడకుండా, 7 సెకన్లకే చేతులెత్తేసేలా బూటు స్క్రిప్టులో నాలుగింటికీ గడువు పెట్టి ఉంచాను. పదో వంతు సెకన్లలో ఇవ్వాలి కాబట్టి 70 అని రాయాలి. ఈ అమరిక కరెంటు పోతే చెరిగిపోతుంది. అడిగి చూస్తే మూడు డిస్కులు 70 అన్నాయి, ఆ డిస్కులో అది లేనే లేదు.

మర్నాడు పొద్దున్నే వీడియో కాల్ పెట్టి పెట్టె మూత తీయించాను. పవర్ సప్లైలో కొసలు చాలక పెట్టిన ఒక స్ప్లిటర్ (ఒక కొసని రెండుగా చీల్చే వైరు), ప్లాస్టిక్ పోతపోసిన రకం. ఆ డిస్కుకి వెళ్ళే కొస కాస్త గోధుమరంగుకి తిరిగి ఉంది. డిస్కులన్నీ ఒకేసారి గట్టిగా పరుగెత్తినప్పుడు ఆ వదులు కొస దగ్గర వోల్టేజీ పడిపోతోంది. అందుకే సాయంత్రాలు, అందుకే ఆషాఢంలో నిశ్శబ్దం. ఎవరూ వాడని డీవీడీ డ్రైవు తీసేసి, దాని కొసని నేరుగా డిస్కుకి పెట్టించాను. కాలిపోకుండా బయటపడ్డామని ఆ రంగు చూశాక నాకు అర్థమైంది. మీ పెట్టెలో అలాంటి స్ప్లిటర్ ఉంటే ఈ రాత్రికే తీసేయండి.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని సంగతులు కూడా చెప్పాలి. డిస్కు ఆరోగ్యం మొత్తానికి ఈ సాఫ్ట్‌వేర్ ఒక్క మాటలో తీర్పు చెబుతుంది. "పాస్డ్ అని వస్తే ఇక నిశ్చింత" అని నేను చాలామందికి చెప్పేవాణ్ణి. ఆ మూడు నెలలూ ఆ డిస్కుకి పాస్డ్ అనే వచ్చింది. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల్ని పరిశీలించి రాసిన పత్రం ప్రకారం, చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా వాటిలో నాలుగు ముఖ్యమైన సూచికలు చివరిదాకా సున్నాలోనే ఉన్నాయి. కాబట్టి పాస్డ్ అన్న మాటకి నేనిప్పుడు పెద్ద విలువ ఇవ్వను.

ఇదే సాఫ్ట్‌వేర్లో వెనకాల నడుస్తూ అరగంటకోసారి డిస్కుల్ని పలకరించే స్మార్ట్‌డీ అనే ప్రోగ్రాం కూడా ఈ 12వ నంబరు పెరిగితే తనంతట తాను మెయిల్ పంపదు. దాని కాన్ఫిగ్ ఫైలులో పెద్ద ఆర్ పక్కన 12, ఆ వెంటనే ఆశ్చర్యార్థకం రాసి చెప్పాలి. 199కి కూడా అలాగే రాశాను. మొదటి రోజే ఈ రెండూ రాసి ఉంటే కార్డు డబ్బులు మిగిలేవి, మావాడికి ఆ సాయంత్రాలు మిగిలేవి.

నా అనుభవం నాలుగు సాటా డిస్కులున్న చిన్న పెట్టెది. రెయిడ్ కార్డు (డిస్కుల్ని కలిపి ఒకటిగా చూపే కార్డు) వెనకాల డిస్కులుంటే అవి నేరుగా కనిపించవు, కార్డుని బట్టి వేరే ఆప్షన్ ఇవ్వాలి. యూఎస్‌బీ పెట్టెల్లో కొన్ని అసలు జవాబే చెప్పవు. ఈ అంకెల అర్థం కూడా కంపెనీని బట్టి కొంత మారుతుంది. నాలాగ ఒకే రోజు కొన్న ఒకే రకం డిస్కులుంటే పోల్చి చూడటం తేలిక, లేకపోతే పాత అంకెలు రాసిపెట్టుకుని వాటితోనే పోల్చుకోవాలి.

ఆ తర్వాత రెండు పెళ్ళిళ్ళ సీజన్లు గడిచాయి, ఒక్క టైమౌట్ రాలేదు. నిన్న చూస్తే మూడు డిస్కులకి 46, దానికి 68. తేడా ఇంకా ఆ 22 దగ్గరే ఉంది.