సర్కస్ డేరా కోసం సరసోటా వెళ్తే

మా నాన్నగారు డిగ్రీ చదివే రోజుల్లో బెజవాడలో ‘ది గ్రేటెస్ట్ షో ఆన్ ఎర్త్’ రెండుసార్లు చూశారట. సిసిల్ బి. డెమిల్ తీసిన 1952 నాటి సినిమా, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా వచ్చింది. రెండున్నర గంటల ఆ సినిమాలో ఆయనకు గుర్తుండిపోయింది హీరో చార్ల్‌టన్ హెస్టన్ కాదు, ఎప్పుడు చూసినా ముఖానికి రంగుతోనే ఉండే బఫూను. జేమ్స్ స్టివర్ట్ వేసిన వేషం అది. అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపాలో మా ఇంటికొచ్చిన రెండో వారమే, "డిస్నీలూ అవీ నాకెందుకమ్మా, ఆ సర్కస్ ఊరు ఎంత దూరం?" అన్నారు.

దగ్గరే. కారులో గంటా, గంటంబావు. ఆ సినిమాలో చూపించిన రింగ్లింగ్ సర్కస్ 1927 నుంచి చలికాలమంతా సరసోటాలోనే మకాం వేసేది. 1951లో డెమిల్ అక్కడికే వెళ్లి, అసలు సర్కస్ వాళ్లనే పెట్టి, ఊరి మెయిన్ స్ట్రీట్‌లో ఊరేగింపు కూడా తీశాడు. ఆ మకాం చూద్దామని మాత్రం వెళ్లకండి. సర్కస్ ఎప్పుడో ఫ్లోరిడాలోనే ఉన్న వెనిస్ అనే ఊరికి మారిపోయింది, ఆ నేలంతా ఇప్పుడు ఇళ్లు. నేను ముప్పావుగంట తిరిగాను కాబట్టి చెబుతున్నాను.

చూడాల్సింది ‘ది రింగ్లింగ్’. సముద్రపు పాయ ఒడ్డున 66 ఎకరాల తోట, అందులో చిత్రాల మ్యూజియం, సర్కస్ మ్యూజియం, సర్కస్ యజమాని జాన్ రింగ్లింగ్ కట్టించుకున్న భవంతి. సోమవారం ఉచితమని ఎవరైనా చెబితే నమ్మండి గానీ సగమే: ఆ రోజు ఉచితం చిత్రాల మ్యూజియానికీ, తోటకీ మాత్రమే. సర్కస్‌కీ, భవంతికీ టికెట్ కొనాల్సిందే. మేము సోమవారమే వెళ్లాం, చేసేదేముంది, కొన్నాం.

భవంతి పేరు కా ద జాన్, అంటే ఇటలీలోని వెనిస్ నగరపు యాసలో ‘జాన్ ఇల్లు’. 1926కల్లా పూర్తయింది, 56 గదులు. అందరూ దీని ముందే ఫోటోలకు ఎగబడతారు. నాకైతే పెళ్లి మండపం సెట్టింగులా అనిపించింది. జాన్ భార్య మేబెల్ 1929లోనే పోయిందని విన్నాక నాన్నగారు "మూడేళ్ల ముచ్చట" అని ఊరుకున్నారు. ఫోటో తీస్తానంటే వద్దన్నారు. పై అంతస్తుకు గైడుతో వెళ్లాలంటే విడిగా డబ్బు కట్టాలి. మేము మానేశాం, ఏమీ నష్టపోయినట్టు లేదు.

మీకు రెండు గంటలే ఉంటే ఆ రెండూ సర్కస్ మ్యూజియానికే ఇవ్వండి. అక్కడ హోవార్డ్ టిబ్బల్స్ అనే ఆయన దశాబ్దాలపాటు చేత్తో చేసిన బుల్లి సర్కస్ ఉంది. ‘బుల్లి’ అన్నానని చిన్నది అనుకునేరు, 3,800 చదరపుటడుగుల్లో పరిచారు. అడుగుకు ముప్పావు అంగుళం కొలత, 42,000కు పైగా బుల్లి వస్తువులు, ఎనిమిది పెద్ద డేరాలు, 152 బళ్లు, 59 పెట్టెల రైలు. రింగ్లింగ్ పేరు వాడుకోనివ్వకపోతే ‘హోవార్డ్ బ్రదర్స్’ అని సొంత పేరు పెట్టుకున్నాడట.

రైలు దిగడం దగ్గర్నుంచి చూసుకుంటూ రావాలి. బళ్లు దించడం, వంటడేరా, గుర్రాల సాలలు, బట్టలు మార్చుకునే చోటు, ఆఖరికి ఆట. తెల్లారి ఊళ్లో దిగి, డేరాలు లేపి, రెండు ఆటలు ఆడి, రాత్రికి అన్నీ సర్దుకుని పైఊరికి పోవడం ఎలా సాధ్యమో అప్పుడు బుర్రకెక్కుతుంది. సినిమాలో ప్రేమకథ నాకు పాతబడినట్టుంటుంది గానీ, డేరా లేపే సీన్లు ఇప్పటికీ కళ్లు తిప్పనివ్వవు. ఆ రైలు ప్రమాదం సీనులో కొంత భాగం బొమ్మ రైళ్లతోనే తీశారని చెబితే నాన్నగారు నొచ్చుకున్నారు. ఆ పక్కన జాన్ దంపతులు తిరిగిన అసలు రైలుపెట్టె ‘విస్కాన్సిన్’ కూడా ఉంది, 1905లో పుల్‌మన్ కంపెనీ చేసింది. భవంతికంటే అదే నచ్చింది నాకు.

బస సంగతి. ఊరి బయట హైవే పక్కన చవగ్గా దొరికిందని ఓ మోటెల్ తీసుకున్నాం. ఏసీ రాత్రంతా రోడ్డు రోలరులా మోగింది, పొద్దున టిఫిన్ అంటే చల్లారిన వాఫుల్ ఒకటి. టాంపా నుంచి వచ్చేవాళ్లకు అసలు రాత్రి ఉండే పనే లేదు. పెద్దవాళ్లతో వస్తే పదింటికి తలుపులు తీయగానే లోపలుండండి, మధ్యాహ్నం ఎండలో ఆ తోటంతా నడవడం కష్టం. పులిహోర కట్టుకెళ్లి మంచిపని చేశాను.

సాయంత్రం వంతెన దాటి సెయింట్ ఆర్మండ్స్ సర్కిల్‌కు వెళ్లాం. దుకాణాలన్నీ ఖరీదే, చల్లగాలి ఉచితం. గుండ్రటి పార్కు చుట్టూ సర్కస్ కళాకారుల పేర్లతో ఫలకాలున్నాయి. నేను ఐస్‌క్రీముతో బెంచీ మీద కూలబడితే నాన్నగారు ఒక్కో ఫలకం దగ్గరా వంగి చదువుకుంటూ పోయారు. ఎమ్మెట్ కెల్లీ పేరు దగ్గర ఆగి చెయ్యూపారు. ఆ సినిమాలో తన వేషంతోనే కనిపించిన అసలైన బఫూను.

"ఇక్కడ తియ్యి ఫోటో," అన్నారు, చొక్కా సర్దుకుంటూ.