మెమ్‌టెస్ట్86 ప్లస్: క్రాష్‌ల వేటలో ఏళ్ల తరబడి వాడాక

పార్టులు విడివిడిగా కొని ఇంట్లోనే బిగించుకున్న కంప్యూటర్ తరచూ బ్లూ స్క్రీన్ చూపించి రీస్టార్ట్ అవుతుంటే, ఎవరిని అడిగినా ముందు చెప్పేది "విండోస్ మళ్లీ వేసి చూడు" అనే. ఆ తర్వాత "ర్యామ్ టెస్ట్ చెయ్" అంటారు. రెండోది మంచి సలహానే. కాకపోతే టెస్ట్ చూపించిన ఫలితాన్ని ఎలా చదవాలో ఎవరూ చెప్పరు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను కొన్నేళ్లుగా వాడుతున్న అనుభవంతో ముందే చెప్పేస్తాను: అది ఎర్ర గీత, అంటే తప్పు దొరికిందని చెప్పే ఎర్రటి వరస, చూపిస్తే నమ్మండి. పచ్చ అక్షరాల్లో పాస్ అంటే సగమే నమ్మండి. ఎర్ర గీత వచ్చినంత మాత్రాన ర్యామ్ పాడైందని మాత్రం అనుకోకండి.

ఇది పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. క్రిస్ బ్రాడీ 1994లో రాసిన మెమ్‌టెస్ట్86 నుంచి 2004లో వేరుపడి వచ్చింది. చాలా కాలం పాతబడిపోయి ఉండి, 2022లో వచ్చిన 6వ వెర్షన్‌తో, పాత బయాస్ స్థానంలో యూఈఎఫ్ఐ అనే బూట్ సాఫ్ట్‌వేర్ ఉన్న బోర్డుల మీద కూడా నడవడం మొదలైంది. అసలు మెమ్‌టెస్ట్86 వేరు, అది 2013 నుంచి పాస్‌మార్క్ చేతిలో ఉంది. దాని ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌ల దగ్గర ఆగిపోతుంది (టెస్టులన్నీ ఒక చుట్టు పూర్తయితే ఒక పాస్). రాత్రంతా వదిలేయాలనుకునే నాలాంటివాళ్లకు ప్లస్సే నయం. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాని నుంచి బూట్ చేస్తే చాలు, నొక్కాల్సిందేమీ లేకుండా టెస్ట్ మొదలైపోతుంది.

నా కంప్యూటర్‌లో రైజెన్ 5 3600 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ స్టిక్‌లు రెండు ఉండేవి. అప్పుడు ఏ గొడవా లేదు. అదే మోడల్‌వి ఇంకో రెండు పెట్టి 32 జీబీ చేశాక క్రాష్‌లు మొదలయ్యాయి. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ అంటుంది, మరోసారి నెట్‌వర్క్ డ్రైవర్ మీద నెపం పెడుతుంది. కారణం పూటకోటి మారుతోందంటే డ్రైవర్ల కన్నా ముందు మెమరీనే అనుమానించాలి. విండోస్ తన లాగ్‌లను చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే వరసగా కెర్నల్ పవర్ 41 కనిపిస్తుంది. దాన్ని చూసి పవర్ సప్లై పోయిందని కంగారుపడి కొత్తది కొనేవాళ్లున్నారు. సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ ఆన్ అయిందని తప్ప ఆ ఎంట్రీకి ఇంకే అర్థమూ లేదు. చనిపోయాడని రాసి, ఎలా చనిపోయాడో రాయని పంచనామా లాంటిది అది.

మెమ్‌టెస్ట్ వేస్తే ఒక పాస్ శుభ్రంగా పూర్తయింది. చాలామంది ఇక్కడే ఆపేసి "ర్యామ్ బాగానే ఉంది" అనేస్తారు. ఆపకుండా రాత్రంతా నడిపితే తెల్లారేసరికి ఎర్ర గీతలు కనిపించాయి. అసలు విషయం ఆ గీతల్లోనే ఉంది. అడ్రస్‌లు చెల్లాచెదురుగా ఉన్నాయి, ఒక్కోసారి ఒక్కో టెస్ట్‌లో వస్తున్నాయి, తప్పిన బిట్ కూడా ఒకటే కాదు. స్టిక్‌లను ఒక్కొక్కటిగా పెట్టి టెస్ట్ చేస్తే నాలుగూ పాసయ్యాయి. అంటే ఏ స్టిక్కూ పాడవలేదు. నాలుగూ కలిపి ఆ వేగంతో నడపడమే ఇబ్బంది.

డబ్బా మీద 3200 అని ఉంటుంది కదా, అది స్టిక్ తయారీదారు చెప్పే మాట. బయాస్‌లో ఎక్స్ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ర్యామ్ ఆ వేగానికి వెళ్తుంది, వోల్టేజ్ కూడా మామూలు 1.2 నుంచి 1.35కి పెరుగుతుంది. కానీ మెమరీ కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్‌లో. ఈ తరం రైజెన్‌కు రెండు స్టిక్‌లతో అయితేనే 3200 అధికారిక పరిమితి. చిప్‌ల గుంపు ఒకటే ఉండే సింగిల్ ర్యాంక్ స్టిక్‌లు నాలుగు పెడితే అది 2933కి, రెండు గుంపులుండే డ్యూయల్ ర్యాంక్ నాలుగు పెడితే 2667కి దిగుతుంది. తర్వాతి తరం ర్యామ్ డీడీఆర్5 వచ్చాక ఈ తేడా ఇంకా పెరిగింది. రైజెన్ 7000 వరసలో రెండు స్టిక్‌లకు 5200, నాలుగింటికి 3600. బయాస్‌లో వేగం 2933కి తగ్గించాక మళ్లీ రాత్రంతా నడిపితే ఒక్క గీత కూడా రాలేదు. క్రాష్‌లూ ఆగాయి. వేగం తగ్గిన తేడా రోజువారీ పనిలో నాకైతే తెలియలేదు.

చాలా కాలం తర్వాత మళ్లీ బ్లూ స్క్రీన్‌లు మొదలయ్యాయి. ఈసారి మెమ్‌టెస్ట్ చూపించిన గీతలు వేరేరకం. ఎన్నిసార్లు నడిపినా అదే అడ్రస్, అదే బిట్. ఎక్స్ఎంపీ పూర్తిగా ఆపేసినా ఆ తప్పు పోలేదు. స్లాట్ మారిస్తే తప్పు స్టిక్‌తో పాటే వెళ్లింది. ఇది ఖాయంగా చిప్ పాడవడమే, వారంటీలో మార్చి ఇచ్చారు. అదే తప్పు స్టిక్‌తో కదలకుండా స్లాట్ దగ్గరే ఉండిపోతే బోర్డును, ప్రాసెసర్ పిన్నులను చూసుకోవాలి.

ఇక లోపాల సంగతి. పాడైన స్టిక్ ఏదో ఇది చెప్పదు. అడ్రస్ మాత్రం చూపిస్తుంది. డ్యూయల్ ఛానెల్‌లో అడ్రస్‌లు రెండు స్టిక్‌ల మధ్య పంచుకుని ఉంటాయి కాబట్టి ఆ అంకెను చూసి ఏ స్టిక్కో పోల్చుకోలేం. విప్పి ఒక్కొక్కటీ పెట్టి చూడాల్సిందే. నేను వాడిన వెర్షన్లలో రిపోర్టు పెన్‌డ్రైవ్‌లోకి సేవ్ అయ్యేది కాదు, ఫోన్‌తో ఫొటో తీసుకోవడమే దారి. 32 జీబీకి గంటల తరబడి పడుతుంది, ఆలోపు కంప్యూటర్‌తో ఇంకే పనీ చేసుకోలేం.

వీటన్నిటికన్నా పెద్ద లోటు, టెస్ట్ జరిగేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉండటం. క్యాబినెట్ చల్లగా ఉంటుంది. గేమ్ ఆడేటప్పుడు ఆ కార్డు వేడి ర్యామ్ మీదకు కొడితేనే బయటపడే తప్పులు ఇక్కడ రావు. అందుకే ఇది పాస్ అన్నాక విండోస్‌లోనే నడిచే టెస్ట్ టూల్స్ టెస్ట్‌మెమ్5 గానీ, ప్రైమ్95లో బ్లెండ్ గానీ ఒకసారి నడుపుతాను. విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నొస్టిక్ ఉంది కానీ, అది ఏమీ లేదన్న మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను.

కొన్ని క్రాష్‌లకు అసలు ఈ టూల్ జోలికే వెళ్లక్కర్లేదు. గేమ్ లోడ్ పడగానే బ్లూ స్క్రీన్ కూడా లేకుండా టప్పున ఆరిపోతే ముందు పవర్ సప్లైని, గ్రాఫిక్స్ కార్డు కేబుళ్లను చూడండి. ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ తప్పును చెప్పే వీయా లాగర్ (WHEA-Logger) 18 ఎంట్రీ ఉంటే ప్రాసెసర్ వైపు వెళ్లండి, వేగం పెంచే ఓవర్‌క్లాక్, వోల్టేజ్ తగ్గించే అండర్‌వోల్ట్ లాంటివి ఏమైనా పెట్టి ఉంటే ముందు తీసేయండి.

నాకైతే ఇప్పుడు దీనితో పని ఎక్కువగా బయాస్ అప్‌డేట్ తర్వాతే పడుతోంది. అప్‌డేట్ చేస్తే మెమరీ సెట్టింగులు మొదటికొస్తాయి, బోర్డు తనంతట తాను పెట్టుకునే టైమింగులు కూడా మారొచ్చు. 2933 మళ్లీ పెట్టి, ఆ రాత్రికి పెన్‌డ్రైవ్ గుచ్చి వదిలేస్తాను.