ఉప్పుటేట్లో ఆరేళ్ళు నడిపిన చిన్న మోటారు

మా రొయ్యల గుంటలు నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో కండలేరు ఉప్పుటేరుకి అవతలి గట్టున ఉన్నాయి. రోడ్డు మీద చుట్టి పోవాలంటే ముప్పావు గంట. ఏరు అడ్డంగా దాటితే పది నిమిషాలు. అందుకే పద్నాలుగు అడుగుల ఫైబర్ పడవ కొన్నాం. మేత బస్తాలు, డీజిల్ క్యాన్లు, మనుషులు అన్నీ దాంట్లోనే. సాయంత్రం తీరికుంటే మడచెట్ల పక్కన మండపీతలకు వల వేస్తాను. ఆ పడవకి రెండేళ్ళు ఒక మోటారు వాడి, దాన్ని అమ్మేసి, ఇప్పటికి ఆరేళ్ళుగా పడవ వెనక తగిలించే 2.3 హార్స్‌పవర్ మోటారు, హోండా 2.3 వాడుతున్నాను. చిన్న పడవకి మోటారు కొనాలనుకునేవాళ్ళు నేను మొదట చేసిన తప్పు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఆ తప్పు హార్స్‌పవర్ చూసి కొనడం. మొదటిది సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన 8 హార్స్‌పవర్ టూ స్ట్రోక్. బరువు 27 కిలోలు, పెట్రోలు ట్యాంకు వేరే. దొంగల భయానికి రాత్రిళ్ళు మోటారుని పడవ మీద వదిలే వీల్లేదు. షెడ్డు నుంచి రేవు దాకా రెండు వందల గజాలు గుంట గట్టు మీద మోసుకుని పోవాలి. వాన పడితే ఆ నల్లమట్టి సబ్బులాగా జారుతుంది. ఒకసారి మా దగ్గర పనిచేసే కుర్రాడు మోటారుతో సహా జారి, మోకాలి కింద బాగా చీరుకుపోయింది. "అన్నా, దీన్ని మోసేదానికి ఇంకో మనిషిని పెట్టన్నా, నా వల్ల కాదు" అన్నాడు. ఆ దెబ్బ చూసినప్పుడు నాకు చాలా బాధేసింది.

అంత బరువు మోసినందుకు వేగం వచ్చిందా అంటే అదీ లేదు. బరువుతో నీళ్ళను చీల్చుకుంటూ పోయే పడవకి దాని పొడవే ఒక హద్దు పెడుతుంది. నీళ్ళలో ఉండే భాగం 13 అడుగులైతే గంటకు 9 కిలోమీటర్ల దగ్గర అది ఆగిపోతుంది. ఇంకా వేగం కావాలంటే పడవ నీటి మీదికి లేచి జారాలి. నాలుగు మేత బస్తాలు, ఇద్దరు మనుషులు ఉన్న పడవ అలా లేవదు. యాక్సిలేటర్ పెంచేకొద్దీ వెనక కూరుకుపోయి ముక్కు పైకి లేచేది. గంటకు మూడు లీటర్ల పైనే పెట్రోలు తాగేది. ఇప్పుడు 2.3తో, అదే బరువుతో ఏడు కిలోమీటర్ల వేగం వస్తోంది. ఫుల్ యాక్సిలేటర్‌లో గంటకు ఇంచుమించు ఒక లీటరు.

ఈ సైజులో దొరికేవాటిలో సుజుకి 2.5, యమహా 2.5 నీటితో చల్లబడతాయి. హోండా 2.3 గాలితో చల్లబడుతుంది. అది 57 సీసీ ఫోర్ స్ట్రోక్, బరువు పదమూడున్నర కిలోలు. నేను హోండా తీసుకోవడానికి పెద్ద కారణం మా ఏరు. గుంటల్లో రొయ్యలు పట్టే రోజుల్లో అడుగు బురదంతా ఏట్లోకి వస్తుంది. దానికి తోడు నాచు, ప్లాస్టిక్ కవర్లు. నా పాత మోటారుకి ఒకసారి కవరు అతుక్కుని నీళ్ళు లాక్కునే రంధ్రాలు మూసుకుపోయాయి. పక్క నుంచి రావాల్సిన నీళ్ళ ధార ఆగిపోయింది. నేను గమనించేసరికి ఇంజిన్ పట్టుకోలేనంత వేడి. బురద తగిలి, లోపల నీళ్ళు తోడే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) ఏడాదికే అరిగిపోయింది కూడా.

రెండో కారణం మంచినీళ్ళు. నీటితో చల్లబడే మోటారుని ఉప్పునీళ్ళలో నడిపిన ప్రతిసారీ డ్రమ్ములో మంచినీళ్ళు పోసి పది నిమిషాలు ఆన్ చేసి ఉంచాలి. లేకపోతే లోపలి దారుల్లో ఉప్పు గట్టిపడుతుంది. మా గుంటల దగ్గర బోరు నీళ్ళే ఉప్పు. తాగే నీళ్ళు క్యాన్లలో తెచ్చుకుంటాం. రోజూ డ్రమ్ము నిండా మంచినీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చేది? గాలి మోటారుకి ఇంజిన్ చుట్టూ నీళ్ళు తిరిగే పని లేదు. నీళ్ళలో మునిగే కాలుని ఒక బిందె నీళ్ళతో కడిగితే చాలు. పైగా దాని ఇంజిన్ చూసి బైకు మెకానిక్ కూడా భయపడడు. ప్లగ్గు, కార్బొరేటర్ పని ముత్తుకూరులోనే అయిపోతుంది.

గాలి మోటార్లకి ఉన్న కష్టం శబ్దం. గంటసేపు పక్కన కూర్చుంటే చెవులు గింగురుమంటాయి. మోటారు నడుస్తున్నంతసేపూ మాట్లాడుకోవడం కుదరదు. ప్రశాంతంగా పక్షులు చూసుకుంటూ తిరుగుదాం అనుకునేవాళ్ళు మంచినీళ్ళ వసతి ఉంటే నీటితో చల్లబడేదే కొనుక్కోండి.

కొనేముందు టేపు తీసుకుని పడవ వెనక పలక ఎత్తు కొలవండి. పై అంచు నుంచి అడుగు దాకా 15 అంగుళాలుంటే షార్ట్ షాఫ్ట్ (పొట్టి కాలు మోటారు), 20 ఉంటే లాంగ్ షాఫ్ట్ (పొడుగు కాలు మోటారు). నీళ్ళలో తిరిగే ఫ్యాన్ (ప్రొపెల్లర్) పైన ఉండే అడ్డ రేకు పడవ అడుగు కంటే ఒక అంగుళం కిందికి ఉండాలి. నాకు పాత మోటారు అమ్మిన దుకాణంవాడు తన దగ్గర లాంగ్ షాఫ్టే ఉందని "ఏం కాదు సార్, లోతుగా ఉంటేనే పట్టు" అని అంటగట్టాడు. పాటు సమయంలో ఏరు తగ్గినప్పుడల్లా ఫ్యాన్ బురదలో తిరిగేది. రేవుకి యాభై గజాల దూరంలో మోటారు ఎత్తేసి గడ వేసుకుంటూ రావాల్సి వచ్చేది.

హోండా 2.3కి రివర్స్ గేరు లేదు. మోటారునే వెనక్కి తిప్పాలి. స్లోలో ఉంటే ఫ్యాన్ తిరగదు, యాక్సిలేటర్ ఇస్తేనే క్లచ్ పట్టుకుంటుంది. పూర్తిగా స్లో చేశాకే తిప్పాలి. వేగంలో ఉండగా తిప్పితే పడవ ఒక్కసారిగా పక్కకి ఒరిగిపోతుంది. నేను నేర్చుకున్న మొదటి వారంలో మా పెద్దబ్బాయి నీళ్ళలో పడబోయాడు. ఆ రోజు నుంచి లైఫ్ జాకెట్ లేకుండా ఎవర్నీ ఎక్కించను. ఇంజిన్ ఆపే తాడు నా మణికట్టుకే ఉంటుంది. ఇంకో తాడుతో మోటారుని పడవకి కడతాను, ఎందుకంటే అదురుడికి బిగింపు మరలు వదులవుతాయి.

ఫోర్ స్ట్రోక్ కాబట్టి పడుకోబెట్టేటప్పుడు బుక్కులో బొమ్మ వేసి చూపించిన పక్కకే పడుకోబెట్టాలి. ఒకసారి ఆటోలో తెచ్చేటప్పుడు తిరగేసి పెట్టాం. ఆయిల్ సిలిండర్‌లోకి దిగి, తాడు ఎంత లాగినా స్టార్ట్ కాలేదు. ప్లగ్గు తీసి పదిసార్లు తాడు లాగితే ఆయిల్ బయటికి వచ్చింది. ప్లగ్గు తుడిచి పెట్టాక గుప్పున పొగ వచ్చి స్టార్ట్ అయింది.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అది గాలిలోని తేమని లాక్కుంటుంది, మా తీరంలో తేమకి కొదవే లేదు. నాలుగైదు రోజులు పడవ తీయనప్పుడు పెట్రోలు కుళాయి కట్టేసి, ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడిపి కార్బొరేటర్ ఖాళీ చేస్తాను. ఈ అలవాటు పడ్డాక కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం (జెట్టు) మూసుకుపోవడం అనేది లేదు.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది నైలాన్ వల పోగు. తెగిపోయిన వల ముక్కలు ఏట్లో ఎక్కడ చూసినా ఉంటాయి. ఫ్యాన్‌కి చుట్టుకున్న ముక్కని పైపైన కోసేసి వదిలేశాను. లోపల మిగిలిన సన్నపోగు ఫ్యాన్ ఇరుసు చుట్టూ బిగిసి, గేర్లలోకి నీళ్ళు పోకుండా ఆపే ఆయిల్ సీలుని కోసేసింది. రెండు నెలల తర్వాత గేర్ ఆయిల్ తీస్తే మజ్జిగలాగా తెల్లగా వచ్చింది. అంటే లోపలికి నీళ్ళు పోయాయన్నమాట. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే గేర్లు తుప్పుపట్టి పోయేవి. ఇప్పుడు నెలకొకసారి ఫ్యాన్ ఊడదీసి వెనక చూస్తాను. మూడు నెలలకొకసారి గేర్ ఆయిల్ రంగు చూస్తాను. సీలు మార్పించేది ఉంటే మార్చిలోనే మార్పించండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం కదా, పెద్ద బోట్ల రిపేర్లన్నీ అప్పుడే పెట్టుకుంటారు. మెకానిక్ చేతికి దొరకడు.

బ్యాటరీ మోటార్లు కూడా చూశాను. 100 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీ ఒక్కటే మోటారంత బరువుకి రెండింతలు ఉంటుంది. ఫుల్లుగా లాగితే గంటకి సగం అయిపోతుంది. మా అవసరానికి సరిపోదని వదిలేశాను.

హోండా 2.3ని నమ్ముకుని మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రంలోకి మాత్రం పోకండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కృష్ణపట్నం దగ్గర పాటు నీళ్ళు బయటికి లాగే వేగానికి ఎదురు వస్తుంటే, పది నిమిషాలైనా ఒడ్డున ఉన్న అదే చెట్టు కనపడుతూ ఉంటుంది. ట్యాంకులో పట్టేది ఒక లీటరే. ఒకసారి మధ్యాహ్నం మొగకి ఇవతలే పెట్రోలు అయిపోయింది. పడవ ఊగుతుంటే క్యాన్‌లోంచి గరాటుతో పోసుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. లంగరు వేసి ఉండబట్టి సరిపోయింది. సముద్రం పని ఉన్నవాళ్ళు ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని, వేరే ట్యాంకు ఉన్న 8 లేదా 9.9 హార్స్‌పవర్ కొనండి.