స్కాలర్‌షిప్ ఫారం ఎవరితోనైనా నింపిస్తున్నారా? అందులో ఎవరి ఫోన్ నంబరు పెట్టారో ముందు చూడండి

పిల్లల్ని ఈ ఏడాది ఇంజినీరింగ్‌లోనో డిగ్రీలోనో చేర్చిన తల్లిదండ్రులు ఇది ఓపిగ్గా చదవండి. మాది నల్గొండ. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీలో 958 తెచ్చుకుంది. హైదరాబాదు శివారులో ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ ఇప్పిస్తామన్న ఒక కన్సల్టెన్సీ వాళ్ల మాట నమ్మి 14,000 కట్టాం. ఆ డబ్బు ఎలాగో పూడ్చుకుంటాం. కానీ బిడ్డ తన మార్కులతో దరఖాస్తు పెట్టుకోగలిగిన ఒక్క అవకాశం కూడా వాళ్ల చేతుల్లోనే పాడైపోయింది. నాకు నిద్ర పట్టనిది దాని గురించే.

ఆగస్టులో ఫోన్ వచ్చింది. మాట్లాడినావిడ చాలా మర్యాదగా, "అమ్మా, మీ పాప హాల్‌టికెట్ నంబరు ఇదే కదా" అని చదివి వినిపించింది. మార్కులు చెప్పింది, మా ఆయన పేరు చెప్పింది. ఇన్ని వివరాలు గవర్నమెంటు దగ్గర కాక ఇంకెవరి దగ్గర ఉంటాయి అనుకున్నాను. ఎంసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో అయిదారు కాలేజీల గేట్ల దగ్గర ఎంక్వైరీ ఫారాలు నింపి ఇచ్చామని, అవే వివరాలు వాటిలోనూ రాశామని అప్పుడు తట్టలేదు.

మేం ఎందుకు నమ్మామో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. మా ఆయనకు ప్రైవేటు కంపెనీలో ఏడాదికి 3,60,000 వస్తుంది. ఇక్కడ ఈపాస్‌లో, అంటే తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో, బీసీలకు, ఈబీసీలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే పట్టణాల్లో ఆదాయం 2 లక్షలు, పల్లెల్లో లక్షన్నర దాటకూడదు. మీసేవలో ఆ మాట వినగానే, ఇక మాకు ఏ స్కాలర్‌షిప్పూ లేదని ఇంట్లో అందరం తీర్మానించేసుకున్నాం. అలాంటప్పుడు ఎవరో ఫోన్ చేసి "మీకు వస్తుందమ్మా" అంటే ప్రాణం లేచొచ్చింది. నిజానికి ఆ మాట అబద్ధం కూడా కాదు. మా అమ్మాయికి నిజంగానే అర్హత ఉంది. వాళ్లు అమ్మింది ఉచితంగా దొరికేదాన్ని.

వాళ్లు రమ్మన్న ఆఫీసు బస్టాండుకు దగ్గర్లో, మెడికల్ షాపు పైన ఒక గది. గోడకు గవర్నమెంటు బొమ్మలతో ఫ్లెక్సీ. టేబుల్ మీద ఏడెనిమిది చిన్న కీప్యాడ్ ఫోన్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కోదాని వెనక తెల్ల ప్లాస్టర్ అంటించి, పెన్నుతో అంకెలు వేసి ఉన్నాయి. "ఇన్ని ఫోన్లెందుకమ్మా" అని అడిగాను కూడా. "పిల్లలు ఓటీపీలు చూసుకోరు ఆంటీ, డేట్లు మిస్సవుతారు. అందుకే మా నంబర్లే ఇస్తాం, అన్నీ మేమే చూసుకుంటాం" అంది అక్కడున్నమ్మాయి. నాకది శ్రద్ధలా కనిపించింది. మా అమ్మాయి ఆధార్ ఇచ్చింది, వాళ్ల ఫోన్ ముందు ముఖం చూపించింది, ఫేస్ అథెంటికేషన్ అయిపోయింది. ఫారంలో మాత్రం ఆ ప్లాస్టర్ అంటించిన ఫోన్ నంబరు పడింది.

అదే రోజు రిజిస్ట్రేషన్ అని 1,500 నగదు తీసుకున్నారు. వారం తర్వాత ఫైల్ చార్జీలని 4,500. సెప్టెంబరులో వాట్సాప్‌కు ఒక సెలెక్షన్ లెటర్ వచ్చింది, ఏఐసీటీఈ (టెక్నికల్ కాలేజీలకు గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ) ముద్రతో, మా అమ్మాయి పేరుతో. దానికి సెక్యూరిటీ డిపాజిట్ 8,000, స్కాలర్‌షిప్ పడగానే వాపసు అన్నారు. ఫోన్‌పేలో కొడితే ఎవరో మనిషి పేరు వచ్చింది, సంస్థ పేరు కాదు. మా ఆయన అప్పుడు ఒక్క క్షణం ఆగాడు. నేనే కొట్టమన్నాను.

డిసెంబరులో కాలేజీ నుంచి బిడ్డ ఫోన్ చేసి ఏడ్చింది. తన రూమ్మేట్ దరఖాస్తును కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్ సార్ వెరిఫై చేసి పంపించారట. మా అమ్మాయి పేరు ఆయన దగ్గరున్న జాబితాలోనే లేదు. లాగిన్ అవుదామంటే ఓటీపీ ఆ ప్లాస్టర్ ఫోన్‌కు పోతుంది. అది స్విచ్ఛాఫ్. నేను బస్టాండు దగ్గరికి పరిగెత్తాను. గదికి తాళం. మెడికల్ షాపతను నెల కిందటే ఖాళీ చేశారన్నాడు. ఫారం మా చేతిలోకి తెచ్చుకోవడానికి తిరగడంలోనే ఇంకొన్ని రోజులు పోయాయి. చివరికి లోపల చూస్తే, కాలేజీ పేరు దగ్గర అదే మేనేజ్‌మెంటుకు చెందిన, అదే పేరున్న ఇంకో జిల్లా కాలేజీని ఎంచి పెట్టారు. అక్కడి వాళ్లు "ఈ విద్యార్థిని మా దగ్గర లేదు" అని డిఫెక్ట్‌గా వెనక్కి పంపారు. సరిదిద్దుకోమన్న మెసేజ్ కూడా ఆ ఫోన్‌కే పోయింది. గడువు దాటింది. అయిదు నిమిషాల్లో దిద్దుకోగలిగిన తప్పది.

అది ఏఐసీటీఈ వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్. ఏఐసీటీఈ గుర్తింపున్న కాలేజీలో డిగ్రీ, డిప్లొమా టెక్నికల్ కోర్సుల్లో చేరిన ఆడపిల్లలకు ఇస్తారు. ఏడాదికి 50,000, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకూ పెట్టుకోవచ్చు. ఎంపిక మార్కుల మెరిట్ మీద కాబట్టి మాకు తప్పకుండా వచ్చేదని అనను. కానీ కొత్తగా పెట్టుకునే వీలు మొదటి ఏడాదిలో చేరిన వాళ్లకు, లేటరల్ ఎంట్రీలో, అంటే నేరుగా రెండో ఏడాదిలో చేరిన వాళ్లకే. వచ్చే ఏడు మళ్లీ పెడదామంటే మా అమ్మాయికి కుదరదు. ఆ సంగతి తెలిశాక బిడ్డ ముఖం చూడలేకపోయాను.

ఇప్పుడు నాకు తెలిసింది మీకు చెబుతాను. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్, అదే ఎన్‌ఎస్‌పీ, స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్. అక్కడ దరఖాస్తుకు ఒక్క రూపాయి కూడా ఫీజు లేదు. ఆధార్ మీద ఒక విద్యార్థికి ఒకే రిజిస్ట్రేషన్, దాన్నే ఓటీఆర్ అంటారు. ఒకసారి పాడైతే పక్కన పడేసి కొత్తది తీసుకుందామంటే కుదరదు, అందుకే దాన్ని పరాయి చేతిలో పెట్టకూడదు. డిపాజిట్ అనేది ఏ గవర్నమెంటు స్కాలర్‌షిప్‌లోనూ ఉండదు. కాలేజీ వెరిఫై చేయకముందే సెలెక్షన్ లెటర్ వచ్చిందంటే అది దొంగ లెటరే. ఇంటర్నెట్ సెంటర్‌లో టైపు చేసినందుకు వంద ఇస్తే తప్పులేదు, ఫోన్ నంబరు మాత్రం మీదే ఉండాలి, పాస్‌వర్డు ఇంటికి తెచ్చుకోవాలి.

ఇంజినీరింగే అక్కర్లేదు, ఎన్‌ఎస్‌పీలోనే సెంట్రల్ సెక్టార్ స్కీమ్ ఉంది. ఇంటర్ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో, అంటే మార్కుల్లో పై 20 శాతం మందిలో ఉండి, ఆదాయం 4,50,000 లోపుంటే పెట్టుకోవచ్చు. దేశం మొత్తం మీద ఏటా 82,000 కొత్త స్కాలర్‌షిప్‌లు, సగం ఆడపిల్లలకు. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000, బీటెక్ వాళ్లకు నాలుగో ఏడు 20,000. రెన్యువల్‌కు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు చూస్తారు. మా ఆదాయానికి ఇదీ సరిపోయేది, మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. రిలయన్స్ ఫౌండేషన్ వాళ్లు డిగ్రీ మొదటి ఏడాది పిల్లలు 5,000 మందికి కోర్సు మొత్తానికి 2 లక్షల వరకూ ఇస్తారు, ఆదాయం 15 లక్షల లోపు, ఆన్‌లైన్‌లో పరీక్ష ఉంటుంది. దానికీ ఫీజు లేదు. ఏపీ వాళ్లయితే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు జ్ఞానభూమి పోర్టల్ చూసుకోండి.

ఇంకొకటి, బ్యాంకు సంగతి. ఎన్‌ఎస్‌పీ డబ్బు ఆధార్‌తో సీడింగ్ అయిన ఖాతాకే పడుతుంది. మా అమ్మాయి ఆధార్ ఎనిమిదో తరగతిలో తీసిన పాత ఖాతాకు ముడిపడి ఉందని మొన్న బ్యాంకుకు వెళ్తే తెలిసింది. ఫారం పెట్టకముందే ఆధార్ సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూసుకోండి.

డబ్బు విషయంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. "పంపిన గంటల్లోనే చేస్తే ఆపే వీలుంటుందమ్మా, మీరు మూడు నెలలకు వచ్చారు" అన్నారు. ఫిర్యాదు నంబరు, ఫోన్‌పే రసీదులు, ఆ దొంగ లెటరు ఒక కవర్లో పెట్టి దాచాను. పోలీస్ స్టేషన్‌కు ఎన్నిసార్లు రమ్మన్నా వెళ్తాను.

మీ పిల్లల ఫారం ఇప్పటికే ఎవరి చేతనైనా నింపించి ఉంటే ఈ రాత్రే పోర్టల్ తెరిచి లాగిన్ కొట్టండి. ఓటీపీ మీ ఇంట్లో ఫోన్‌కు వస్తుందో లేదో చూడండి. వస్తే లోపలికెళ్లి కాలేజీ పేరు, జిల్లా సరిగ్గా ఉన్నాయా, దరఖాస్తు ఎవరి దగ్గర ఆగి ఉందో చదవండి. ఓటీపీ రాకపోతే ఆ కన్సల్టెన్సీ వాళ్లకు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు. పొద్దున్నే ఆధార్, మెమో, బోనఫైడ్ పట్టుకుని కాలేజీలో స్కాలర్‌షిప్ నోడల్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లండి. గడువు ఉండగానే వెళ్లండి.