వాదనలో ఖాళీ: ముందే ఊహించడం మేలా, ఆప్షన్లు కొట్టేసుకుంటూ రావడం మేలా?

వాదనను పూర్తి చేయమనే ప్రశ్నలో ఒక చిన్న పేరా, దాని చివర ఒక ఖాళీ, కింద ఐదు ఆప్షన్లు ఉంటాయి. జీమ్యాట్ (మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష), ఎల్‌శాట్ (లా స్కూళ్ల ప్రవేశ పరీక్ష) రాసేవారికి ఇది పరిచితమైన ప్రశ్నే. దీనికి ప్రధానంగా రెండు పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది, ఆప్షన్ల జోలికి పోకముందే ఖాళీలో ఏముండాలో సొంత మాటల్లో అనుకోవడం. రెండోది, ఆప్షన్లన్నీ చదివి పొసగనివాటిని ఒక్కొక్కటిగా కొట్టేయడం. ఎలిమినేషన్ అనేది దీన్నే. ఏది మేలన్నది అభ్యర్థి అలవాటును బట్టి ఉంటుందని చాలామంది తేల్చేస్తారు గానీ, నా దృష్టిలో అది ఖాళీకి సరిగ్గా ముందున్న మాటను బట్టి ఉంటుంది.

ఖాళీకి ముందు ‘కాబట్టి’ అనే అర్థమిచ్చే మాట (సో, దేర్‌ఫోర్, హెన్స్) ఉంటే, అక్కడ రావలసింది ముగింపు. ‘కాలువ చివరి భూములకు నీరు అందకపోవడానికి పూడిక, ఎగువన అక్రమంగా నీరు తోడుకోవడం తప్ప వేరే కారణం ఉండే అవకాశం లేదు. ఈ ఏడాది పూడిక పూర్తిగా తీసినా చివరి భూములకు నీరు అందలేదు. కాబట్టి ______.’ ఇక్కడ ఎగువన అక్రమంగా తోడుతున్నారన్న మాట ఆప్షన్లు చూడకుండానే మనసులో మెదులుతుంది, మెదలాలి కూడా. అలా ముందే అనుకున్నవారు ‘పూడిక తీయడం అనవసరపు ఖర్చు’ అనే ఆప్షన్ వైపు తొంగిచూడరు. రెండు కారణాలూ కలిసే పనిచేసి ఉండవచ్చు కనుక, వాదన అంత దూరం పోలేదు. ఇలాంటి ప్రశ్నలో ఊహించడమే మేలు.

ఖాళీకి ముందు ‘ఎందుకంటే’ అనే అర్థమిచ్చే మాట (సిన్స్, బికాజ్) ఉంటే కథ మారుతుంది. జీమ్యాట్‌లో ఈ రకం బాగా కనిపిస్తుంది. ముగింపు ముందే చెప్పేసి, దాన్ని నిలబెట్టే కారణాన్ని మనల్ని వెతకమంటారు. ‘ఒక మండలంలో రైతులు డ్రిప్ పరికరాలు అమర్చుకున్నాక ఎకరాకు వాడే నీరు బాగా తగ్గింది. అయినా అక్కడి భూగర్భ జలమట్టం పెరగకపోవడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ______.’ వానలు సరిగా పడలేదని ఎవరైనా వెంటనే అనుకుంటారు. అలా అనుకున్నవారి కన్ను ‘పరికరాలు అమర్చాక వర్షాలు మామూలుకన్నా ఎక్కువగా కురిశాయి’ అనే ఆప్షన్ మీద పడుతుంది. వర్షమన్న మాట కనబడగానే, అది వాదనకు ఎదురుతిరుగుతోందన్న సంగతి హడావుడిలో తట్టదు. ‘డ్రిప్ పరికరాలకు సబ్సిడీ ఉంది’ అన్నది నిజమైనా జలమట్టంతో పని లేనిది. ‘పక్క మండలంలో డ్రిప్ వాడకం తక్కువ’ అన్నది కాస్త ఊరిస్తుంది, ఎందుకంటే రెండు మండలాలకూ భూగర్భంలో నీటి పొర ఒకటేనని మనమే ఒక కథ అల్లుకోగలం. ఆ కథ పేరాలో లేదు. ‘ఆదా అయిన నీటితో రైతులు బీడు పొలాలనూ సాగులోకి తెచ్చారు’ అన్నదొక్కటే ఎకరా లెక్కకూ మొత్తం వాడకానికీ మధ్య తేడాను పూడుస్తుంది. ఒక ముగింపుకు కారణాలు ఎన్నైనా ఉండవచ్చు. పరీక్ష పెట్టినవారు ఎంచుకున్న కారణమే మనకూ తట్టాలని లేదు. అందుకే ఇక్కడ జవాబును కాకుండా, జవాబు చేయవలసిన పనిని మాత్రమే అనుకుని (ఎకరాకు తగ్గినా మొత్తం ఎందుకు తగ్గలేదు?), ఆపైన ఎలిమినేషన్‌కు దిగడం మేలు.

పేరా చదవకుండా ముందు ఆప్షన్లు చూసే మూడో పద్ధతిని కొందరు సమర్థిస్తారు; నాలుగు తప్పుడు మాటలను బుర్రలోకి ఎక్కించుకోవడం తప్ప దానివల్ల ఒరిగేది నాకు కనిపించలేదు.

సమయం లెక్క కూడా ఉంది. 2023 చివర్లో వచ్చిన జీమ్యాట్ కొత్త రూపంలో వెర్బల్ (చదివి అర్థం చేసుకోవడం, వాదన) విభాగానికి 45 నిమిషాల్లో 23 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు రెండు నిమిషాల లోపే. ఎల్‌శాట్ లాజికల్ రీజనింగ్ విభాగంలో 35 నిమిషాల్లో సుమారు 25 ప్రశ్నలు కనుక ఇంకా బిగువు. అయితే అక్కడ ఖాళీ ఎక్కువగా ముగింపునే అడుగుతుంది, పైగా తప్పు జవాబుకు మార్కు కోయరు. ఊహ కుదిరితే వెంటనే గుర్తించి ముందుకు సాగవచ్చు. ఐఐఎంలలో ప్రవేశానికి రాసే మన క్యాట్ సంగతి వేరు. అక్కడ వాక్యమే ఇచ్చి, పేరాలో ఉన్న నాలుగు ఖాళీల్లో అది దేనిలో ఇముడుతుందని అడుగుతారు, తప్పయితే ఒక మార్కు పోతుంది. ఊహించడానికి అక్కడ ఏమీ మిగలదు కాబట్టి, ప్రతి ఖాళీకి ముందూ వెనుకా ఉన్న వాక్యాలతో ఆ వాక్యాన్ని అతికించి చూస్తూ పొసగని చోట్లను కొట్టేయడమే దారి.